రిటైరయ్యాక ఏ దేశం? 65లో కాదు, 80లో నిలబడి చూడండి

విదేశంలో స్థిరపడదామనుకునేవాళ్ళు మొదట చూసేది సముద్రం, తర్వాత ఇంటి అద్దె. ఈ రెండూ సులువుగా తెలిసిపోతాయి కాబట్టి అందరూ వాటి గురించే మాట్లాడతారు. కానీ రిటైర్మెంట్‌లో రెండు దశలున్నాయి. మొదటి పది, పన్నెండేళ్ళు బాగా నడుస్తారు, ఊళ్ళు తిరుగుతారు, కొత్త భాషలో నాలుగు ముక్కలు నేర్చుకుంటారు. ఆ తర్వాత ప్రశ్నలు మారిపోతాయి. ఆసుపత్రి ఎంత దూరం? మందులకు ఎవరు కడతారు? ఇద్దరిలో ఒకరే మిగిలితే వీసా ఉంటుందా? మొదటి దశకు బ్రహ్మాండంగా నప్పిన దేశం రెండో దశలో చేతులెత్తేయవచ్చు. అందుకే ఈ పోలికను ఎక్కువగా రెండో దశ వైపు నుంచి చేశాను.

వివరంగా చూసినవి ఆరు దేశాలు: పోర్చుగల్, స్పెయిన్, థాయ్‌లాండ్, మలేషియా, పనామా, కోస్టారికా. మరికొన్నిటి ప్రస్తావన అవసరమైన చోట వస్తుంది.

## ముందు తేల్చుకోవాల్సినవి

వైద్యం ఖర్చు ఎవరి నెత్తిన? ఆసుపత్రి ఎంత బాగుందన్నది తర్వాతి మాట. అక్కడి ప్రభుత్వ వైద్యంలోకి మిమ్మల్ని రానిస్తారా, లేక జీవితాంతం ప్రైవేటు ఇన్సూరెన్సే దిక్కా అన్నది ముందు. షుగర్, గుండె జబ్బు లాంటివి ఇప్పటికే ఉంటే ప్రైవేటు పాలసీ వాటిని పక్కన పెడుతుంది, లేదా ప్రీమియం పెంచుతుంది. 70 దాటాక కొత్త పాలసీ ఇచ్చే కంపెనీలు తక్కువ. వదిలి వచ్చిన దేశపు బీమా మీతో పాటు రాకపోవచ్చు కూడా. అమెరికాలో పెద్ద వయసువారికిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ సాధారణంగా ఆ దేశం బయట చేయించుకున్న వైద్యానికి డబ్బు ఇవ్వదు.

ఉండే హక్కు ఎంత గట్టిది? ఏటా పొడిగించుకోవాల్సిన వీసా వేరు, కొన్నేళ్ళకు శాశ్వత నివాసంగా మారే అనుమతి వేరు. 62 ఏళ్ళప్పుడు ఏడాదికోసారి ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్ళడం ఒక పూట పని. 82లో అదే పెద్ద టెన్షన్.

మీ డబ్బు ఏ రూపంలో ఉంది? దీన్ని చాలామంది పట్టించుకోరు. కొన్ని దేశాలు నెలనెలా వచ్చే జీవితకాల పెన్షన్ చూపించమంటాయి. బ్యాంకులో ఎంత ఉన్నా అది వాళ్ళ లెక్కలో పెన్షన్ కాదు. కొన్ని దేశాలు దీనికి పూర్తి భిన్నంగా పెద్ద డిపాజిట్ అడుగుతాయి.

పన్ను ఎక్కడ కడతారు? స్పెయిన్‌లో ఏడాదిలో 183 రోజులకు మించి ఉంటే ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా అక్కడ లెక్కలోకి వస్తుంది. పనామా, కోస్టారికా తమ దేశంలో పుట్టిన ఆదాయం మీదే పన్ను వేస్తాయి. ఇక అమెరికా పౌరులు ఎక్కడికి వెళ్ళినా అమెరికాకు రిటర్న్ దాఖలు చేయక తప్పదు. బ్రిటన్ స్టేట్ పెన్షన్ అందుకునేవాళ్ళకు మరో తిరకాసు ఉంది. ఐరోపా సమాఖ్య దేశాల్లోనూ ఫిలిప్పీన్స్‌లోనూ ఉంటే ఆ పెన్షన్ ఏటా పెరుగుతుంది. థాయ్‌లాండ్, మలేషియాల్లో ఉంటే వెళ్ళినప్పుడు ఎంత ఉందో అక్కడే ఆగిపోతుంది. ఇరవై ఏళ్ళలో ఈ తేడా చిన్నదేమీ కాదు.

ఒకరు పోతే? వీసా ఎవరి పెన్షన్ మీద వచ్చిందో వాళ్ళే ముందు పోతే, డిపెండెంట్‌గా ఉన్న రెండోవారు తమ సొంత ఆదాయంతో మళ్ళీ అర్హత చూపించుకోవాల్సి రావచ్చు. లాయర్‌ను కలిసిన మొదటి రోజే ఈ ప్రశ్న అడగండి. అడగడానికి ఇబ్బందిగా ఉంటుంది, అయినా అడగండి.

## ఒక్క చూపులో

| దేశం | డబ్బు షరతు | కనీస వయసు | శాశ్వత నివాసం | సొంత ఇల్లు |
|---|---|---|---|---|
| పోర్చుగల్ (డి7 వీసా) | నెలకు 870 యూరోలు (2025 కనీస వేతనం) | పెద్దలెవరైనా | 5 ఏళ్ళకు | కొనవచ్చు |
| స్పెయిన్ | నెలకు 2,400 యూరోలు | పెద్దలెవరైనా | 5 ఏళ్ళకు | కొనవచ్చు |
| థాయ్‌లాండ్ | 8 లక్షల బాత్‌ల డిపాజిట్ లేదా నెలకు 65,000 బాత్‌లు | 50 | చాలా కష్టం | ఫ్లాట్ సరే, భూమి కుదరదు |
| మలేషియా (సిల్వర్, మూడు మెట్లలో కిందిది) | 1,50,000 డాలర్ల డిపాజిట్ | 25 | ఈ వీసాతో రాదు | 6 లక్షల రింగిట్ల ఇల్లు కొనాలి |
| పనామా | నెలకు 1,000 డాలర్ల జీవితకాల పెన్షన్ | పెద్దలెవరైనా | మొదటి నుంచీ | కొనవచ్చు |
| కోస్టారికా | నెలకు 1,000 డాలర్ల జీవితకాల పెన్షన్ | పెద్దలెవరైనా | 3 ఏళ్ళకు దరఖాస్తు | కొనవచ్చు |

డబ్బు షరతు అంటే గుమ్మం దాటడానికి కావలసిన మొత్తం మాత్రమే. బతకడానికి అది చాలుతుందని కాదు. నెలకు 870 యూరోలతో లిస్బన్‌లో అద్దె కట్టి బతకడం కుదిరే పని కాదు.

## పోర్చుగల్

డి7 వీసాకు కావలసింది కూర్చున్న చోటికి వచ్చే ఆదాయం: పెన్షన్, అద్దె, డివిడెండ్ లాంటివి. మొత్తాన్ని ఆ దేశపు కనీస వేతనానికి ముడిపెట్టారు కాబట్టి అది ఏటా మారుతుంది. జీవిత భాగస్వామికి అందులో సగం అదనం. మొదటి కార్డు రెండేళ్ళకు, తర్వాతది మూడేళ్ళకు ఇస్తారు. ఐదేళ్ళు నిండాక శాశ్వత నివాసానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

వైద్యం విషయంలో దీనిది మంచి స్థానం. నివాస కార్డు వచ్చాక స్థానిక ఆరోగ్య కేంద్రంలో పేరు నమోదు చేసుకుని ప్రభుత్వ వైద్యంలోకి వెళ్ళవచ్చు. పాత జబ్బులున్నాయని అక్కడ ఎవరూ బయటికి పంపరు. ఇబ్బంది ఏమిటంటే లక్షల మందికి ఫ్యామిలీ డాక్టర్ ఇంకా కేటాయించలేదు. విదేశీ పెన్షనర్లు ఎక్కువగా చేరే అల్గార్వ్ తీరంలో, లిస్బన్ చుట్టుపక్కల ఈ కొరత బాగా తెలుస్తుంది. అందుకే చాలామంది చిన్నవాటికి ప్రైవేటు, పెద్దవాటికి ప్రభుత్వ ఆసుపత్రి అని పెట్టుకుంటారు.

పన్ను చూసి ఇక్కడికి వచ్చే రోజులు పోయాయి. 2009లో మొదలైన ప్రత్యేక పన్ను పథకం కింద విదేశీ పెన్షన్ మీద ఒకప్పుడు పన్నే లేదు. 2020లో కొత్తగా చేరేవాళ్ళకు 10 శాతం పెట్టారు, 2024లో కొత్తవాళ్ళకు తలుపు మూసేశారు. ఇప్పుడు వచ్చేవాళ్ళు మామూలు శ్లాబుల్లోనే కట్టాలి. పన్ను రాయితీ కోసం దేశం ఎంచుకోవడం ఎందుకు తప్పో చెప్పడానికి నేనైతే ఈ ఉదాహరణే చూపిస్తాను.

ఎవరూ ముందు చెప్పని సంగతి మరొకటి: ఇళ్ళలో చలి. బయట ఎండ కాస్తున్నా, హీటింగ్ సరిగ్గా లేని పాత ఇళ్ళలో జనవరిలో గోడలు చెమ్మగిల్లి ఉంటాయి. కీళ్ళ నొప్పులున్నవాళ్ళు జూన్‌లో చూసి ఇల్లు ఖాయం చేసుకోకూడదు. కాగితాల పనిలో ఆలస్యం కూడా ఎక్కువే. 2023 అక్టోబరులో కొత్త ఇమిగ్రేషన్ సంస్థ వచ్చే నాటికే లక్షల దరఖాస్తులు పేరుకుపోయి ఉన్నాయి.

## స్పెయిన్

గుమ్మం ఎత్తు ఎక్కువ, లోపల వసతి బాగుంది. ఇక్కడి పని చేయకుండా ఉండే వీసాకు ఒకరికి నెలకు 2,400 యూరోలు, జతకు 3,000 చూపించాలి. సేవింగ్స్ కూడా లెక్కలోకి తీసుకుంటారు. ఉద్యోగం చేయడానికి వీల్లేదు.

అసలు పరీక్ష ఇన్సూరెన్స్ దగ్గర వస్తుంది. వీసా కోసం కో-పేమెంట్ (వైద్యం బిల్లులో కొంత మన జేబు నుంచి కట్టడం) లేని పూర్తి ప్రైవేటు పాలసీ కావాలి. 74 ఏళ్ళవారికి, అందునా గుండె ఆపరేషన్ అయినవారికి, అది దొరకడమే కష్టం. కానీ ఏడాది నివాసం పూర్తయ్యాక ఒక మంచి దారి తెరుచుకుంటుంది. ప్రభుత్వ వైద్యంలోకి నెలసరి చందా కట్టి చేరే పథకం ఉంది: 65 లోపు వారికి నెలకు 60 యూరోలు, ఆ పైవారికి 157. పాత జబ్బులకూ ఇది వర్తిస్తుంది. మందుల షాపులో మాత్రం రాయితీ ఉండదు. అంటే స్పెయిన్ వెళ్ళాలనుకుంటే ఆరోగ్యం బాగున్నప్పుడే, పాలసీ దొరికే వయసులోనే వెళ్ళాలి. 'ఇంకో ఐదేళ్ళు ఆగి చూద్దాం' అన్న మాట ఇక్కడ పనికిరాదు.

ప్రపంచ ఆదాయం మీద పన్నుతో పాటు, మొత్తం సంపద మీద వేసే పన్ను ఒకటుంది. అది ప్రాంతాన్ని బట్టి మారుతుంది. మాడ్రిడ్, అండలూసియా దానికి పూర్తి రాయితీ ఇచ్చాయి. బాగా ఆస్తిపరులైతే ఏ ఊరు అన్నదాని కంటే ఏ ప్రాంతం అన్నది ముందు చూసుకోవాలి. ఇల్లు కొని గోల్డెన్ వీసా తెచ్చుకునే దారి 2025 ఏప్రిల్ 3తో మూతపడింది.

పన్నే ముఖ్యమనుకునేవాళ్ళు ఐరోపాలో గ్రీస్, ఇటలీలను చూడవచ్చు. విదేశీ పెన్షనర్ల ఆదాయం మీద గ్రీస్ 15 ఏళ్ళ వరకు 7 శాతం ఒకే రేటు వేస్తుంది. ఇటలీ కూడా 7 శాతమే అంటుంది గానీ, దక్షిణాదిలోని చిన్న ఊళ్ళలో ఉండాలి. ఆ చిన్న ఊళ్ళ నుంచి పెద్దాసుపత్రి ఎంత దూరమో మ్యాప్ తీసి చూసుకోండి.

## థాయ్‌లాండ్

మొదటి దశకు దీనికి సాటి వచ్చేవి తక్కువ. ఖర్చు తక్కువ, మనుషులు మర్యాదస్తులు, బ్యాంకాక్‌లో ప్రపంచ స్థాయి ప్రైవేటు ఆసుపత్రులు. ఇంట్లో ఉండి చూసుకునే ఆయా జీతం ఐరోపాతో పోలిస్తే చాలా తక్కువ. మంచం పట్టిన మనిషికి రోజంతా తోడు ఉండేవారు దొరకడం చిన్న విషయం కాదు. రెండో దశలో కూడా ఇది థాయ్‌లాండ్‌కు పెద్ద బలం.

బలహీనత హక్కులో ఉంది. 50 దాటినవాళ్ళు థాయ్ బ్యాంకులో 8 లక్షల బాత్‌లు వేయాలి, లేదా నెలకు 65,000 బాత్‌ల ఆదాయం చూపించాలి. దీన్ని ఏటా పొడిగించుకోవాలి. ప్రతి 90 రోజులకు చిరునామా తెలియజేయాలి. దేశం బయటికి వెళ్ళే ముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకోవడం మరిచిపోతే అనుమతి అక్కడితో రద్దు. శాశ్వత నివాసం ఉంది గానీ, ఒక్కో దేశం వారికి ఏడాదికి 100 మందే కోటా.

డిపాజిట్ దారిలో వెళ్ళేవాళ్ళు ఒకటి గమనించాలి. పొడిగింపుకు ముందు రెండు నెలలు, తర్వాత మూడు నెలలు ఆ 8 లక్షలు కదపకూడదు. మిగతా ఏడాదంతా 4 లక్షలకు తగ్గకూడదు. ఆపదకు పనికొస్తుందని దాచుకున్న సొమ్ము ఆపద వచ్చిన రోజున ముట్టుకోకూడని సొమ్ము అవుతుంది. కాబట్టి ఆసుపత్రి ఖర్చుకు వేరే నిధి ఉండాలి.

ఆదాయం దారిలో ముప్పు మారకం రేటు. నెలకు 2,000 డాలర్ల పెన్షన్ అనుకోండి. డాలరుకు 36 బాత్‌లుంటే అది 72,000, షరతు దాటినట్టే. 30కి దిగితే 60,000 మాత్రమే, ఆ ఏడు పొడిగింపు లేదు. మీ పెన్షన్ ఒక్క డాలరు కూడా తగ్గలేదు! ఇవి ఊహకు రాని ఊగిసలాటలు కావు. 1997కు ముందు డాలరుకు 25 బాత్‌ల దగ్గరున్న రేటు, 1998 జనవరికి 50 దాటింది.

భూమి విదేశీయుల పేరు మీద ఉండదు. ఒక భవనంలోని ఫ్లాట్ల విస్తీర్ణంలో 49 శాతం వరకు మాత్రం విదేశీయులు కొనవచ్చు. భూమి మరొకరి పేరున కొని నమ్మకం మీద ఉండమని సలహా ఇచ్చేవాళ్ళు ఎదురవుతారు. వాళ్ళకు దణ్ణం పెట్టి వచ్చేయండి.

పన్ను నియమం కూడా మారింది. ఏడాదిలో 180 రోజులు ఉండేవాళ్ళు విదేశంలో సంపాదించి థాయ్‌లాండ్‌కు తెచ్చుకునే ఆదాయం, 2024 జనవరి 1 నుంచి ఏ ఏడు తెచ్చినా పన్ను పరిధిలోకి వస్తుంది. ఇక చియాంగ్ మాయ్ వెళ్ళాలనుకునేవాళ్ళు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా అక్కడి పొగను గుర్తుంచుకోవాలి. పొలాలు, అడవులు తగలబెట్టే కాలం అది. ఆస్తమా ఉంటే ఆ ఊరు వద్దు.

## మలేషియా

ఇంగ్లీషుతో రోజు గడిచిపోతుంది. డాక్టర్‌కు నొప్పి ఎక్కడుందో సైగలతో చెప్పాల్సిన అవసరం లేదు. పెనాంగ్, కౌలాలంపూర్ ప్రైవేటు ఆసుపత్రులకు పక్క దేశాల నుంచి రోగులు వస్తుంటారు.

సమస్యంతా వీసా చరిత్రలో ఉంది. 2002లో మొదలైన 'మలేషియా మై సెకండ్ హోమ్' పథకం ఒకప్పుడు మధ్యతరగతి పెన్షనర్లకు అందుబాటులో ఉండేది. 2021లో నెలకు 40,000 రింగిట్ల ఆదాయం అడిగి ఒక్కసారిగా బిగించారు. 2024లో మళ్ళీ మార్చి సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని మూడు మెట్లు పెట్టారు. సిల్వర్‌కు 1,50,000, గోల్డ్‌కు 5,00,000, ప్లాటినమ్‌కు 10,00,000 డాలర్ల డిపాజిట్. గడువులు వరుసగా 5, 15, 20 ఏళ్ళు. పైగా ఇల్లు తప్పనిసరిగా కొనాలి, పదేళ్ళు అమ్మకూడదు. కొత్త దేశంలో మొదట అద్దెకే ఉండమని చెప్పే నాలాంటి వాళ్ళకు ఈ షరతు మింగుడుపడదు. సారావాక్ రాష్ట్రానికి వేరే పథకం, వేరే షరతులు ఉన్నాయి. బోర్నియో వాతావరణం నచ్చేవాళ్ళు దాన్ని విడిగా చూడాలి.

## పనామా, కోస్టారికా

రెండూ పక్కపక్కనే ఉన్నాయి, రెండూ 1,000 డాలర్ల పెన్షనే అడుగుతాయి, అయినా స్వభావాలు వేరు.

పనామా పెన్షనర్లకిచ్చే 'పెన్షనాడో' వీసా హక్కు విషయంలో ఈ ఆరింటిలో అన్నిటికంటే గట్టిది. మొదటి నుంచీ శాశ్వత నివాసమే. డిపెండెంట్‌కు మరో 250 డాలర్లు చూపిస్తే చాలు. వాడుకలో ఉన్నది అమెరికా డాలరే, కాబట్టి డాలర్ పెన్షన్ వచ్చేవాళ్ళకు థాయ్‌లాండ్‌లో చెప్పిన మారకం బెంగ లేదు. 1987 నాటి చట్టం ప్రకారం సినిమా టికెట్ల మీద 50 శాతం, బస్సు ప్రయాణాలకు 30, విమాన టికెట్లకు 25, డాక్టర్ ఫీజులో 20 శాతం తగ్గింపు ఉంది. వీటిని చూసి మురిసిపోవడం మామూలే గానీ, వాటికంటే ఆ శాశ్వత నివాసమే విలువైనది.

లోటు వైద్యంలో ఉంది. విదేశీ పెన్షనర్లకు ప్రైవేటే దిక్కు. మంచి ఆసుపత్రులు రాజధానిలోనే ఎక్కువ. చల్లగా ఉంటుందని కొండ ఊరు బొకెటేకు వెళ్ళేవాళ్ళు పెద్ద ఆసుపత్రి కోసం కిందనున్న డేవిడ్ నగరానికి దిగాలి.

కోస్టారికాలో దీనికి తిరగేసిన పరిస్థితి. నివాస అనుమతి వచ్చినవాళ్ళు 'కాహా' అనే ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలో చేరి, చూపించిన ఆదాయాన్ని బట్టి నెలనెలా చందా కట్టాల్సిందే. పాత జబ్బులున్నా తీసుకుంటుంది. స్పెషలిస్టు కోసం నెలల తరబడి ఎదురుచూడాల్సి రావచ్చు. పెన్షన్ లేనివాళ్ళకు రెండేళ్ళపాటు నెలకు 2,500 డాలర్ల ఆదాయం చూపించే మరో దారి ఉంది.

ఈ ప్రాంతంలో చూసేవాళ్ళు ఎత్తు సంగతి కూడా చూసుకోవాలి. ఈక్వడార్‌లోని కుయెంకా 2,500 మీటర్ల ఎత్తులో ఉంది, మెక్సికో సిటీ 2,240 మీటర్లు. ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవాళ్ళకు మెట్లెక్కినప్పుడల్లా తెలుస్తుంది. ఈక్వడార్ చౌకే, అక్కడా డాలరే. కానీ 2024 జనవరిలో అక్కడి ప్రభుత్వం ముఠాలతో 'అంతర్గత సాయుధ ఘర్షణ' నడుస్తోందని ప్రకటించింది. కొత్తగా వెళ్ళేవాళ్ళకు ఇప్పుడు దాన్ని నేను చెప్పను.

## ఎవరికి ఏది

పాత జబ్బులున్నాయి, పెన్షన్ ఓ మోస్తరు అన్నవాళ్ళు పోర్చుగల్, కోస్టారికాల మధ్య తేల్చుకోవాలి. యూరోల్లో పెన్షన్ వస్తే మొదటిది, డాలర్లలో వస్తే రెండోది. ఆరోగ్యం బాగుండి ఇంకా 60లలోనే ఉంటే, ఆదాయం సరిపోతే స్పెయిన్‌కు నా ఓటు.

పెన్షన్ లేదు, బ్యాంకులో మాత్రం పెద్ద మొత్తం ఉంది అంటే పనామా పెన్షనాడో తలుపు మూసే ఉంటుంది. స్పెయిన్, థాయ్‌లాండ్, మలేషియా తెరిచి ఉంటాయి. వీటిలో మలేషియా డబ్బును ఎక్కువగా కట్టిపడేస్తుంది, థాయ్‌లాండ్ తక్కువగా.

భార్యాభర్తల్లో ఒకరికే పెన్షన్ ఉంటే, శాశ్వత నివాసం సొంత హక్కుగా ఇద్దరికీ త్వరగా వచ్చే దేశం కావాలి. అప్పుడు థాయ్‌లాండ్ వెనక్కి పోతుంది. ఐరోపాలో ఐదేళ్ళు గడిచి ఇద్దరి చేతికీ ఎవరి కార్డు వారికి వచ్చేదాకా జాగ్రత్తగా ఉండాలి. ఒంటరిగా వెళ్ళేవారికి, పిల్లలు దగ్గర లేనివారికి మాత్రం నేను థాయ్‌లాండ్‌నూ కొట్టిపారేయను. చూసుకునే మనిషి ఇంట్లో ఉండటం ఒంటరివాళ్ళకు అన్నిటికంటే ముఖ్యం. అయితే ఆ పొడిగింపు పనులు చూసే నమ్మకమైన లాయర్ ఉండాలి.

పదేళ్ళు హాయిగా గడిపి తర్వాత సొంత దేశానికి తిరిగి వచ్చేస్తామనేవాళ్ళకు ఈ లెక్కల్లో సగం వర్తించవు. వాళ్ళు వాతావరణం, ఖర్చు చూసుకుని వెళ్ళవచ్చు. కానీ సొంత దేశంలో ఇల్లు అమ్మేయకూడదు, అక్కడి ఆరోగ్య బీమా తెగిపోకుండా చూసుకోవాలి.

## వెళ్ళే ముందు ఒక ప్రయోగం

ఇల్లు అద్దెకు తీసుకుని, ఆ చోటుకు అన్నిటికంటే చెడ్డ కాలంలో ఆరు వారాలు ఉండి చూడండి. పోర్చుగల్ అయితే జనవరి, చియాంగ్ మాయ్ అయితే మార్చి, పనామా అయితే అక్టోబరు వానలు. కారు లేకుండా ఉండండి, ఎందుకంటే ఒకరోజు నడపడం మానేస్తారు. చిన్న నలతకైనా అక్కడి డాక్టర్ దగ్గరికి వెళ్ళి, ఎంతసేపు కూర్చోబెట్టారో, ఏ భాషలో మాట్లాడారో చూడండి.

వీలునామా ఆ దేశంలో చెల్లుతుందో లేదో అడగండి. ఐరోపా సమాఖ్యలోని చాలా దేశాల్లో ఆస్తిలో పిల్లలకు ఇంత వాటా ఇవ్వాలని చట్టమే చెబుతుంది. 2015 ఆగస్టు నుంచి మాత్రం మీ పౌరసత్వ దేశపు చట్టమే వర్తించాలని వీలునామాలో రాసుకునే వీలు కల్పించారు. డెన్మార్క్, ఐర్లాండ్ అందులో చేరలేదు. రాయకపోతే మీ ఆస్తి పంపకానికి మీరు ఉంటున్న దేశపు చట్టమే వర్తిస్తుంది. అలాగే మీరు బతికే ఉన్నట్టు పెన్షన్ ఇచ్చే ఆఫీసు లైఫ్ సర్టిఫికెట్ అడిగితే అక్కడ ఎవరు సంతకం పెడతారో కనుక్కోండి. పాత ఫోన్ నంబరును మాత్రం వదులుకోకండి. బ్యాంకు ఓటీపీలు ఇంకా దానికే వస్తుంటాయి.